పంచేసిన భోజనం

మా నాయనమ్మ చెప్పిన రాజ్యంలో ఒక గణనశాల ఉండేదట. వైద్యం, ఖగోళం, వానల శాస్త్రం పరిశోధించే వాళ్ళందరికీ, పెద్ద లెక్కను వందమందికి పంచి త్వరగా ముగించడం అక్కడ నేర్పేవారు.

తల్లి పోయిందని, కర్మ అయ్యేదాకా సెలవిమ్మని శిష్యురాలు సోమిదేవి అక్కడి ఆచార్యుణ్ణి అడిగింది.

"మీ ఇంట్లో పదిమంది లేరూ? తలా కాస్త ఏడిస్తే ఒక్కరోజులో అయిపోతుంది," అన్నాడు ఆచార్యుడు.

ఆ మాట విన్న వంటమనిషి పేరమ్మ మధ్యాహ్నం ఆయన ముందు ఖాళీ విస్తరి వేసింది.

"అన్నమేదీ?"

"శిష్యులకు తలో ముద్ద పంచానయ్యా. మీ భోజనం ఎప్పుడో అయిపోయింది."

"నా ఆకలి తీరలేదే."

"ఆ పిల్ల దుఃఖమూ అంతేనయ్యా."

ఆచార్యుడు విస్తరి మీంచి తల ఎత్తాడు.

"వెళ్ళిరమ్మను. మా అమ్మ పోయిననాడు నేను లెక్కల దగ్గరే కూర్చున్నాను పేరమ్మా."

పేరమ్మ తనకని ఉంచుకున్న అన్నం తెచ్చి ఆయనకు వడ్డించింది.