ముందు సీటు వాయనం కథ

హోమము ముగించి కూర్చున్న మాండవ్య మునిని దాల్భ్యుడు ఇట్లడిగెను: “స్వామీ, ఆస్పత్రి దూరమైన కొండ పల్లెల వారికి క్యాన్సర్ వచ్చినచో గట్టెక్కించు వ్రతమేది?” ముని నవ్వి, “ముందు సీటు వాయనము” అని చెప్పసాగెను.

గుమ్మడివలసలో నూకాలు అను ఇల్లాలు జీపు తోలి బ్రతుకుచుండెను. ఆమెకు గొంతు క్యాన్సర్ రాగా, పేరైనా చెప్పని దాతలు బండి పంపి, పట్నమున బస ఇచ్చి, వైద్యము చేయించిరి. బ్రతికి వచ్చిన నూకాలు, ప్రతి శుక్రవారము కుదుపు తక్కువైన ముందు సీటున ఒక రోగిని ఊరకే ఆస్పత్రికి చేర్చెదనని మొక్కెను. రెండేండ్లు అట్లే చేయగా, జీపు జనముతో కిటకిటలాడెను.

ఒక శుక్రవారము కాసులమ్మ రొమ్ములో గడ్డతో మలుపు వద్ద నిలిచెను. గడ్డ చిన్నదిగా ఉండగానే రమ్మని డాక్టర్లు చెప్పియుండిరి. అంతలో నూకాలు ఆడబడుచు బంగారమ్మ ఎదురై, “ఏటి వదినా, చీరల కొట్టుకి నాను ఎనక కూకుని ఎళ్ళాలా?” అనెను. ఆడబడుచుకిచ్చినను వాయనమే కదాయని నూకాలు కాసులమ్మను మలుపు వద్దనే విడిచి, బంగారమ్మను ముందు కూర్చుండబెట్టెను. ఘాటు రోడ్డు దిగకముందే టైరు పేలెను.

మరుసటి వారము కాసులమ్మ మరల వచ్చి నిలిచినను, ముందు సీటున అనాసపండ్ల గంపనెక్కించెను. ఫలము పూజకు పనికివచ్చునదే కదాయని సరిపెట్టుకొనెను. ఇంజను పొగలు గక్కెను. జనులు దిగి వేరొక జీపెక్కిరి.

మూడవ వారము ఒక్కరును రాలేదు. నూకాలుకు తెలివి వచ్చెను. తలస్నానము చేసి, పసుపు తోరముతో కాసులమ్మ గుమ్మము త్రొక్కెను.

“నాను అనాసలకంటే తేలికేనే నూకాలక్కా! గంపలో ఎట్టినా ఎల్లిపోదును” అని కాసులమ్మ దెప్పెను.

“తిట్టుకో అమ్మా, ముందు బండెక్కు!”

నూకాలు తోరము కట్టి, ఆమెను ముందు సీటున కూర్చుండబెట్టెను. బంగారమ్మ ఒడిలో గంపతో వెనుక కూలబడెను. అది చూచి ఊరివారు నవ్వుచు జీపెక్కిరి. ఆస్పత్రిలో నూకాలే చీటీ వ్రాయించి, డాక్టరుకు చూపించి, దాతల బసలో దించెను. గడ్డ ఇంకను చిన్నదే. దానిని తీసివేసి, మందులిచ్చి పంపిరి.

కొన్ని నెలలకు కాసులమ్మ సంతకు బయలుదేరెను. నూకాలు ముందు తలుపు తీయగా, ఆమె వెనుకకెక్కి, “నాకు నయమైపోనాది. ఆ సీటు నాకెందుకే? జరుగు బంగారమ్మా!” అనెను.

కావున బండి గలవారు, గది గలవారు, నాలుగు మెతుకులు వండగలవారు, ఆస్పత్రి కిటికీ వద్ద నోరు విప్పగలవారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారి బండి ఆగదు, పొయ్యి ఆరదు. కథ విన్నవారు అక్షతలు తమ తలపై గాక, ముందు సీటుపై చల్లి, ఎక్కవలసినవారిని పిలువవలెను.