పసుపు గడిలో మాట

"స్వామీ, సోమప్పను ఇక ఆ కంప్యూటర్ దగ్గరికి రానివ్వకండి" అన్నాడు విరూపాక్షం. ముఖం చూస్తే మఠానికి నిప్పంటుకుందేమో అనిపించింది.

ఏకాంతయ్య స్వామి వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. చెప్పమన్నట్టు తల ఊపారు.

మా కొండమీది మఠం కీళ్ళనొప్పుల తైలానికి పేరు. నొప్పి తగ్గినవాళ్ళు స్వామి మహిమ అంటారు, తగ్గనివాళ్ళు ఉత్తరం రాస్తారు. ఉత్తరాలే ఎక్కువ. మునుపు అవి గోనెసంచిలో ఉండేవి. విరూపాక్షం వచ్చాక కంప్యూటర్‌లోకి ఎక్కాయి. అతను పట్నంలో ఏదో కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేసి, వినలేక సన్యాసం పుచ్చుకున్నవాడు. ఇప్పుడు ఉత్తరం రాసిన ప్రతి మనిషికీ ఒక టికెట్, ఎన్నిసార్లు రాసినా అదే. ప్రతి టికెట్‌కూ ఒక నంబరు. పని అయిపోయిందనుకుంటే విరూపాక్షం టికెట్ మూసేస్తాడు.

టికెట్ కింద రెండు గడులుంటాయి. తెల్ల గడిలో రాసింది ఉత్తరం పంపినవాళ్ళకు వెళుతుంది. పసుపు గడిలో రాసింది మఠంలో వాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది. ఎవరు ఏది చూడాలో, ఎవరు ఎందులో రాయాలో నిర్ణయించే అధికారం విరూపాక్షానిది. వంటాయనకు 'చూడవచ్చు, ముట్టకూడదు' అనే అనుమతి ఇచ్చాడు. స్వామికీ అదే ఇచ్చాడు.

పౌర్ణమినాడు స్వామి తన ముద్ర ఉంగరం ఇచ్చి విరూపాక్షాన్ని వారసుణ్ణి చేస్తారనీ, ఆ తర్వాత జవాబులన్నీ అతని పేరు మీదే వెళతాయనీ మా ఊరంతా అనుకుంటోంది. ఊరికంటే ముందే అతను అనుకున్నాడు.

"సోమప్ప ఏం చేశాడు?" అడిగారు స్వామి.

"పసుపు గడిలో రాయాల్సింది తెల్ల గడిలో రాశాడు. లోపలి మాట బయటికి పోయింది. నాలుగు వందల పన్నెండో నంబరు చూసేసింది."

"ఏమిటా మాట?"

విరూపాక్షం గొంతు తగ్గించాడు. "'ఈమె పెనిమిటికి తైలం రుద్దేవాళ్ళు లేనట్టుంది. నేను వెళ్ళిరానా?' అని."

సోమప్ప గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. మఠంలోనే ముసలైనవాడు, డెబ్బై దాటిన మనిషి. కళ్ళకు రంగులు ఆనవు. ఏ గడి ఏదో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

"అయితే ఆయన అనుమతి తీసెయ్" అన్నారు స్వామి.

విరూపాక్షం అప్పటికే తీసేశాడు.

స్వామి నోరు కడుక్కుని, బొడ్లోంచి ఒక చీటీ తీసి ఇచ్చారు. "ఈ మనిషికి పసుపు గడి చదివే అనుమతి ఇవ్వు."

"ఎవరు స్వామీ?"

"మన మనిషే."

చీటీ మీద గంగరత్నమ్మ అని పేరు, కింద ఫోన్ నంబరు ఉన్నాయి. విరూపాక్షం ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఉత్తరాలు చివరిదాకా చదివే అలవాటు అతనికి లేదు. పేర్లేమో చివరనే ఉంటాయి. వంటింట్లోకి ఎవరో కొత్తగా వస్తున్నారనుకుని అనుమతి ఇచ్చేశాడు.

"ఒకసారి రాసింది ఎవరూ చెరపలేరు స్వామీ. నేను కూడా. అలా కట్టుదిట్టం చేశాను" అన్నాడు.

"మంచి పని చేశావు" అన్నారు స్వామి.

మర్నాడు పొద్దున్నే ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. కుడిచెయ్యి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఎడమచేతిలో ఫోను.

"సోమప్పగారంటే ఎవరు నాయనా? వస్తానని రాశారట. పెద్దాయన్ను అంతదూరం నడిపించడం ఎందుకని నేనే వచ్చాను. ఏడు ఉత్తరాలు రాయించాను. ప్రతిసారీ 'మీ సమస్య పరిష్కారమైంది, సంతోషం' అని వచ్చింది. ఎవరి సమస్యో తెలియలేదు."

ఫోను విరూపాక్షం ముందు పెట్టింది. "నిన్నటినుంచి ఇందులో పసుపుగా ఏవో అక్షరాలు. నాకు చదువు రాదు. కాస్త చదివిపెట్టు, నీకు పుణ్యముంటుంది."

అతను ఫోనుకేసి చూశాడు. పైన నాలుగు వందల పన్నెండు. ఉత్తరం చివర గంగరత్నమ్మ.

కంప్యూటర్ అతని ముందే తెరిచి ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఆవిడ అనుమతి పోతుంది, ఫోనులో ఏమీ మిగలదు. చెయ్యి అటు వెళ్ళింది కూడా. స్వామి ఆవిడకు పీట జరిపి, అతని చేతికేసి చూస్తూ కూర్చున్నారు.

చెయ్యి వెనక్కి వచ్చింది.

"చదువు" అన్నారు స్వామి.

"'చెయ్యి లేవడం లేదంటుంది. చెయ్యి లేవని మనిషి ఇంత పొడుగు ఉత్తరం ఎలా రాసింది? నటన. మూసేశాను.'"

పాలు పోయించుకుంటున్న వంటాయన చెంబు పక్కకు పట్టాడు. పాలు నేలమీద పడుతున్నా ఎవరూ చూడలేదు.

"'మళ్ళీ ఈమే. ఈసారి పెనిమిటి నడుమును కూడా వెంట తెచ్చింది. మూసేశాను.'"

ఏడూ చదివాడు. గంగరత్నమ్మ మాత్రం పురాణం వింటున్నట్టు తల పక్కకు వంచి విన్నది.

"చివర్లో చెప్పించాను గదా నాయనా, పక్కింటావిడ చేత రాయిస్తున్నానని" అంది.

విరూపాక్షం ఉత్తరం చివరికి జరిపి చూశాడు. ఆ మాట అక్కడే ఉంది.

"పోనీలే" అంది ఆవిడ. "చదివారన్నమాట. ఎవరూ చదవడమే లేదేమోనని బెంగపడ్డాను."

సోమప్ప అప్పటికే తైలం సీసా గుడ్డలో చుట్టి, చేతికర్ర తీసుకుని నిలబడ్డాడు. "పదమ్మా" అన్నాడు. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు.

మధ్యాహ్నం తిండికి పిలిచినా విరూపాక్షం లేవలేదు. అనుమతుల జాబితా తెరిచాడు. అన్నిటికంటే పైన, తన చోట, సోమప్ప పేరు పెట్టాడు. తన పేరు అట్టడుక్కి దించి, ఉత్తరాలు రాసేవాళ్ళ వరసలో చేర్చాడు.

స్వామి వెనక నిలబడి చూస్తున్నారు.

"అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది?"

"మనం పంపే జవాబు ఒక్కటే స్వామీ."

"పౌర్ణమికి ఇంకా ఎన్నాళ్ళుంది?"

"తొమ్మిది రోజులు."

"అయితే నువ్వూ అందరిలాగే మఠానికి ఒక ఉత్తరం రాయి" అన్నారు స్వామి. "జవాబు వస్తుందేమో చూద్దాం."