సోమవారం చెప్పిన మాట

చెన్నవీరయ్య అరుపులు మఠం దాటి వీధిలోకి వినపడుతున్నాయి. అరుపులన్నీ కంప్యూటరు మీదే.

మఠంలోని తాటాకు గ్రంథాలకు ఫొటోలు తీసి దాంట్లో దాచే పని అతనిది. ఆ కంప్యూటరును నడిపే లినక్స్ అంటే తనకు మంచినీళ్లు తాగినంత సులువని చెప్పుకునేవాడు. సోమవారం స్క్రీను మొత్తం నల్లబడితే అతనికి తిక్క రేగింది. కంప్యూటరు లేస్తూనే చదివే ఆదేశాల వరుసలో ఒక్క ముక్క చేర్చాడు: నేను చెప్పేదాకా బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు జోలికి పోవద్దు అని. స్క్రీను వెలిగింది. "చూసినారా స్వామీ, ఒక్క మాటతో దారికి తెచ్చినా" అని మరుళసిద్ధయ్య స్వామి దగ్గర గొప్పలు పోయాడు.

ఇవాళ శుక్రవారం. హాల్లో గోడకున్న పెద్ద టీవీ మీదికి మాత్రం బొమ్మ రావడం లేదు.

టీవీ ఎదురుగా చాప మీద నింగమ్మవ్వ కూర్చుని ఉంది. తాటాకులు ఆమె ఇచ్చినవే, వాళ్ల నాయన చేతిరాత. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ వచ్చే నెల దాకా ఉండదని డాక్టరు చెప్పేశాడు. అక్షరం అరచేయంత ఉంటే ఇంకా చదవగలదు. టీవీలో చూపిస్తానని చెన్నవీరయ్య మాటిస్తే, పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి వచ్చింది. తిరుగు బస్సు మూడింటికి.

"ఆ కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాములు మూడు పెట్టినా, మూడూ తీసి మళ్లీ పెట్టినా! టీవీ ఉందనే ఒప్పుకోదు. మొండిఘటం! దీన్ని బావిలో పడేస్తే పీడా పోతుంది!" చెన్నవీరయ్య బల్ల మీద గుద్దాడు.

"పోనీలే నాయనా, నా రాత అంతే" అంది అవ్వ.

"నువ్వు నోరు మూసుకో అవ్వా!"

అవ్వ నోరు మూసుకుంది. మూలన విభూతి పొట్లాలు కడుతున్న స్వామి చేతులు దులుపుకుని లేచారు.

"చెన్నవీరా, కళ్లు మూసుకో. నేను చెప్పేదాకా తెరవొద్దు."

మూసుకున్నాడు. చేతిలో ఒక తాటాకు పెట్టారు.

"చదువు."

"ఎట్లా చదివేది స్వామీ?"

"చదవమంటే చదవాల! గుడ్డోడివా? ఎన్నిసార్లు చెప్పాల నీకు? మొండిఘటం!"

స్వామి గొంతు పెంచడం చెన్నవీరయ్య ఎన్నడూ వినలేదు. ఒళ్లు మండిపోయింది.

"మూసుకోమన్నది మీరే కదా! చెప్పినట్టు విన్నందుకు తిడతారా?"

స్వామి మూలకు పోయి పొట్లాల ముందు కూర్చున్నారు.

చెన్నవీరయ్య కళ్లు తెరిచాడు. తాటాకు కింద పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సోమవారం చేర్చిన ముక్క ఆ వరుసలో అట్లాగే ఉంది. నాలుగు రోజులుగా కంప్యూటరు అతను చెప్పినట్టే వింటోంది. కొత్త డ్రైవర్లు ఉన్నాయి కాబట్టి ఇక దాంతో పని లేదు. ఆ ముక్క తీసేసి కంప్యూటరును మళ్లీ లేపాడు.

గోడ మీద టీవీ వెలిగింది. తాటాకు మీది అక్షరాలు ఒక్కోటి అరచేయంత కనిపించాయి.

అవ్వ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకుంటోంది. కంట నీరు కారుతోంది. నోట మాట మాత్రం లేదు.

"చదువవ్వా, కనపడలేదా?" అన్నాడు చెన్నవీరయ్య.

అవ్వ పలకలేదు.

మళ్లీ పొట్లాలు కట్టుకుంటున్న స్వామి తలెత్తకుండానే అన్నారు. "అవ్వకు చెప్పిన మాట ఇంకా తీయలేదు నువ్వు."

చెన్నవీరయ్య వెళ్లి అవ్వ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది అవ్వా" అన్నాడు.

అవ్వ ఒక చేయి అతని తల మీద వేసి, రెండో చేతి వేలు అక్షరాల మీద జరుపుతూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మా నింగికి దగ్గు. శొంఠి, మిరియాలు, తేనె..."