ఆషాఢంలో ఎగిరిన హంస

కుముద చేసిన తప్పు ఒకటే. ప్రేమించినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న కొంగను అడిగింది.

పాలవెల్లి కోటలో మనుషుల దర్బారు ఒకటుండేది. కోట వెనక కొలనులో హంసల దర్బారు ఇంకొకటి. రెండింటిలో ఎక్కడ బిగువెక్కువో చెప్పడం కష్టం. తెల్లవారేసరికి నీళ్లమీద పాలపొంగులా మంచు పరుచుకునేది. అందులోంచి తెల్ల హంసలు ఒక్కొక్కరే, కాళ్లు ఆడిస్తున్న జాడైనా తెలియకుండా, ఎవరి కలలోంచో జారినట్టు తేలుతూ వచ్చేవాళ్లు.

ఎగరడం మాత్రం వాళ్లకు నామోషీ. పొట్టకూటికోసం ఊళ్లు తిరిగే పక్షులే ఎగురుతాయని వాళ్ల నమ్మకం. అందుకే ఏటా కొత్త ఈకలు రాగానే రెక్కల్లోని పొడుగు ఈకలు కొరికి మహారాణి మరాళదేవి ముందు పెట్టేవాళ్లు. ఎవరి ఈకలు ఎంత పొడుగైతే వారి ఆసనం రాణికి అంత దగ్గర. కుముద ఆసనం రాణి పక్కనే.

ఒక కార్తీకంలో ఉత్తరాది నుంచి వలస హంసల గుంపు వచ్చింది. అందులో హిమకరుడున్నాడు. బూడిదరంగు ఒళ్లు, తలమీద రెండు నల్ల చారలు. దర్బారు అతన్ని దేశదిమ్మరి అంది. కుముద మాత్రం తామరాకుల చాటున అతని పక్కన తేలుతూ, పైనుంచి చూస్తే నదులు ఎలా ఉంటాయో చెప్పించుకుంది.

"ఎలా ఉంటాయంటే... ఎవరో నిద్రలో చెయ్యి చాపినట్టుంటాయి" అన్నాడతను.

ఫాల్గునంలో గుంపు బయలుదేరింది.

"నాతో వస్తావా?"

"ఈ రెక్కలతో ఎలా వస్తాను? ఈ ఏడాది ఈకలు ఇవ్వను, పెరగనిస్తాను. కార్తీకానికి రా, కలిసి వెళ్దాం."

అంతా సవ్యంగా ఉండేదే, కొంగ మౌనానందుడు లేకపోతే. గట్టున ఒంటికాలిమీద నిలబడి కళ్లు మూసుకునేవాడు కాబట్టి అందరూ ఆయన్ని స్వామి అనేవాళ్లు. కళ్లు మూసుకున్నప్పుడు ఆయన పరమాత్మను చూస్తున్నాడో పరిగె చేపలను చూస్తున్నాడో ఎవరూ అడగలేదు.

భాద్రపదంలో ఆయన యాత్రనుంచి తిరిగొచ్చాడు. కుముద ఉండబట్టలేక అడిగింది.

"స్వామీ, ఉత్తరాదిలో హిమకరుడు కనిపించాడా? నన్ను తలుచుకున్నాడా?"

కొంగ ఒక కన్ను తెరిచాడు. "చెప్పకూడదు తల్లీ. చెప్పకపోతే పాపం. కళ్లారా చూశాను. ఆషాఢంలో, మంచుకొండల సరస్సుమీద, కొత్త పెళ్లాంతో రెక్క రెక్కా కలిపి ఎగురుతున్నాడు."

ఆ రోజే కుముద తన ఈకలన్నీ కొరికి రాణికిచ్చేసింది. కార్తీకంలో హిమకరుడు వస్తే తామరల్లో దాక్కుని, ఇక రావద్దని కొంగతోనే కబురంపింది. అతను మళ్లీ ఆ కొలను వైపు రాలేదు.

ఏళ్లు గడిచాయి. తూర్పు కొలను దొర దుందుభికి కుముదను ఇవ్వాలని కొంగ ఎన్నాళ్లుగానో పోరుతున్నాడు. చివరికి కుముద, ఎవరైతే ఏమిటిలే అని, సరేనంది. దుందుభి ఒడ్డెక్కితే ఆయాసపడే భారీ హంస. మంచివాడే, తిండి మధ్యలో లేపకపోతే. మాఘంలో పెళ్లి. దర్బారు పెళ్లంటే వధువు కొరికిన ఈకల మొదళ్లు కూడా పీకించుకోవాలి. ఆ తరవాత అవి మొలవవు. పీకే పని పొడుగు ముక్కున్న మౌనానందుడిది.

పెళ్లికి అతిథులొచ్చారు. ఉత్తరాది గుంపును గాలివానలోంచి గట్టెక్కించిన నాయకుణ్ణి రాణిగారే పిలిపించారు. పాత దేశదిమ్మరే ఇప్పుడు దండనాయకులవారు. పెళ్లి ముందు సాయంత్రం, కలువలు విచ్చుకునే వేళ, విహారంలో హిమకరుడూ కుముదా ఎదురుపడ్డారు.

"కులాసానా, దొరసానీ?"

"కులాసాయే. మీ ఆవిడ రాలేదా?"

"ఏ ఆవిడ?"

"నటించకండి. ఆషాఢంలో సరస్సుమీద ఎగిరారటగా ఇద్దరూ. స్వామి చూశారు."

హిమకరుడు తెల్లబోయాడు. "ఆషాఢంలోనా? అప్పుడు మా పొడుగు ఈకలన్నీ ఒక్కసారే రాలిపోతాయి కుముదా! నక్కొస్తే పరిగెత్తి నీళ్లలో దూకడమే. మీకూ రాలతాయిగా?"

"రాలతాయి" అంది కుముద మెల్లిగా. "ఎగరని వాళ్లం. ఆ సంగతి మాకెందుకు తడుతుంది?"

ఇద్దరి మధ్య ఒక కలువ రేకు తేలుతూ పోయింది.

"ఉండు, ఆ కొంగ మెడ ముడేసి..."

"నువ్వు నోరెత్తకు. ఈకలు నావి. నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవలేదు. దర్బారంతా గుమిగూడింది. మౌనానందుడు ముక్కు రాతికి నూరుకుంటున్నాడు.

"స్వామీ, మొదళ్లు పీకేముందు చిన్న కోరిక" అంది కుముద. "ఆనాడు మీరు చూసింది అందరిముందూ ఒక్కసారి చెప్పండి. నా మనసులో మిగిలింది కూడా పోతుంది."

సభ దొరికితే మౌనం మరిచిపోయే రకం ఆయన. "అదొక దృశ్యం! మబ్బులపైన ఇద్దరూ! వీడు పల్టీ కొడితే ఆవిడ నవ్వడం, ఆవిడ కిందికి వాలితే వీడు వెంటపడటం!"

"ఆషాఢమేనా?" అడిగారు రాణిగారు.

"సాక్షాత్తూ ఆషాఢ పౌర్ణమి, మహారాణీ. ఆ పూట నాకు ఉపవాసం కూడా."

"మరి దేంతో ఎగిరారు స్వామీ?" అంది కుముద.

ఒక ముసలి హంస తన రెక్క విప్పి చూసుకుని కిసుక్కుమంది. ఆ నవ్వు కొలనంతా పాకింది.

"ఏమిటర్రా, నాకూ చెప్పండి" అన్నాడు దుందుభి.

"ఆషాఢంలో మన జాతికి ఎగిరే ఈకలుండవు దొరా" అంది కుముద. " ఈయన అబద్ధమాడాడు."

"అయ్యో! ఈ సంబంధం కుదురుస్తానని ఇన్నేళ్లూ నా తూర్పు గట్టు చేపలన్నీ తిన్నాడే!"

మౌనానందుడు రెండు కళ్లూ తెరిచాడు. రెండో కాలూ దించాడు. ఆయనకి రెండో కాలుందని చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ రెండు కాళ్లతోనే పరుగు తీసి మంచులోకి ఎగిరిపోయాడు. ఆ తరవాత ఏ గట్టున వాలినా చేపలు ముందు ఆయన కాళ్లు లెక్కపెట్టుకునేవి.

రాణిగారు పెద్దమనసు చేసుకున్నారు. "దండనాయకుణ్ణే చేసుకో. ఆయనకీ ఆసనం వేయిస్తాం. ఇద్దరూ ఈకలిచ్చి సుఖంగా ఉండండి."

"ఇవ్వను మహారాణీ."

"ఆసనం పోతుంది."

"పోనివ్వండి."

ఫాల్గునంలో గుంపు బయలుదేరే వేళకీ కుముద రెక్కలు మొండిగానే ఉన్నాయి. హిమకరుడు ఆగిపోతానన్నాడు.

"వద్దు. నీ గుంపుకి దారెవరు చూపిస్తారు? కార్తీకానికి రా" అంది కుముద.

"వెనకటికీ ఇదే చెప్పావు."

"చెప్పాను. చెప్పి, కొంగను అడిగాను."

ఒకరి మనసులో ఏముందో మూడోవాణ్ణి అడిగితే, జవాబు చెప్పేది వాడి కడుపు.

ఆషాఢంలో కుముద ఈకలు రాలాయి. శ్రావణంలో కొత్తవి తొంగిచూశాయి. భాద్రపదంలో రాణిగారి భటులు వచ్చి ఆసనం ఇంకా ఖాళీగానే ఉందన్నారు. ఉత్తరాది కబుర్లు తెలుసునని ఒక గువ్వ వచ్చి వాలింది. కుముద దాన్ని ఏమీ అడగలేదు. రోజూ మంచులో, ఎవరూ లేవకముందు, రెక్కలు విదిలించి చూసుకునేది. నీళ్లు ఆమె కింద ఊపిరి తీసినట్టు వణికేవి.

కార్తీకంలో పొగమంచు చీల్చుకుని చారల తల కనిపించింది. అప్పటికి కుముద రెక్కల్లో ఒక్క ఈకా తగ్గలేదు.