కానుగ కాయల గాలిబుట్ట

అనగనగా రెండు కొండలు. ఒకటి తూర్పున, ఒకటి పడమర. మధ్యలో పెద్ద లోయ. తొంగి చూస్తే కళ్లు తిరిగేంత లోతు. అటూ ఇటూ నిట్టనిలువు బండలు. ఉడుముకు తప్ప ఇంకెవరికీ కాలు ఆనదు.

తూర్పు కొండ మీద చెట్లు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఎండాకాలం వస్తే అక్కడి ఊటలన్నీ ఎండిపోయేవి. పడమటి కొండ మీద మాత్రం ఒక మడుగు ఉంది. అది ఎంత ఎండకైనా ఎండదు. అందుకని ఏటా ఎండలు ముదరకముందే తూర్పు కొండ జంతువులన్నీ పిల్లాపాపలతో పడమటి కొండకు వెళ్లాలి. వానలు పడ్డాక తిరిగి రావాలి.

మరి లోయ దాటేదెలా? అందుకే గుబురయ్య ఉన్నాడు.

గుబురయ్య ఒక ఎలుగుబంటి. ఒళ్లంతా గుబురు జుట్టు, నెత్తిన ఆకుల టోపీ. నవ్వకండి, గాలిబుట్ట నడిపేవాడికి టోపీ ఉండాలి. గాలిబుట్ట అంటే మనం మేడ మీంచి చూసే విమానానికి ముత్తాత అనుకోండి. పైన గిజిగాళ్లు బూరుగు దూదితో నేసిన పెద్ద గుడ్డసంచి. కింద వెదురు బుట్ట. రెంటికీ మధ్య ఒక కుంపటి. కుంపటి వెలిగిస్తే సంచిలో గాలి వేడెక్కుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది. సంచీ లేస్తుంది, బుట్టా లేస్తుంది, బుట్టలో కూర్చున్న కుందేళ్లూ ముంగిసలూ కూడా లేస్తాయి. పొద్దున గాలి పడమటికి వీస్తుంది, సాయంత్రం తూర్పుకు వీస్తుంది. ఆ గాలిని బట్టే రాకపోకలు.

ఎక్కినవాళ్లు తలా ఒక దోసెడు ఇప్పపువ్వు ఇవ్వాలి. అదే కిరాయి.

"మా నాన్న నాకు గాలిబుట్టతో పాటు ఒక మాట కూడా అప్పగించి పోయాడు," అని గుబురయ్య అందరికీ చెప్పేవాడు. "ఎండలు ముదిరేసరికి తూర్పు కొండ మీద ఒక్క ప్రాణి కూడా మిగలకూడదు. ఎవరైనా మిగిలిపోతే నేను ఈ టోపీ పెట్టుకోవడం దండగ."

కుంపట్లో మండేది నల్లజిడ్డు. ముట్టుకుంటే వేళ్లకు బంకలా అంటుకుంటుంది. అది దొరికేది ఒక్కచోటే, కానుగ తోపు పక్కనున్న గుంటలో. ఆ గుంట పట్టాభి అనే ఉడుముది. ఉడుం పట్టు అంటారు చూడండి, అలా పట్టుకుని కూర్చున్నాడు ఆ గుంటను. తిండీ అక్కడే, నిద్రా అక్కడే. పురుగుల్లో ఉండే తడితోనే ఎండాకాలం నెట్టుకొచ్చేవాడు. ఎవరైనా ఒక చుక్క ముంచుకుపోతారేమోనని పక్క కొండ మొహం కూడా ఎప్పుడూ చూసినవాడు కాదు.

ఒక ఏడు పట్టాభి జిడ్డు ధర రెట్టింపు చేశాడు.

"నిరుడు గంపెడు ఇప్పపువ్వుకు కుండెడు ఇచ్చావు కదయ్యా. ఇప్పుడు రెండు గంపలంటావేం?" అన్నాడు గుబురయ్య.

"పైపై జిడ్డంతా అయిపోయింది బావా. లోతుకు దిగాల్సి వస్తోంది. ఇష్టమైతే తీసుకో. లేదంటే ఇంకోచోట చూసుకో," అన్నాడు పట్టాభి.

ఇంకోచోటు లేదని ఇద్దరికీ తెలుసు.

గుబురయ్య బుర్ర గోక్కున్నాడు. మొదట కిరాయి పెంచాడు. దోసెడు పువ్వు కాస్తా రెండు దోసిళ్లు అయింది. మర్నాడు పొద్దున్నే మంగ అనే కుందేలు తన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మూట విప్పి చూపించింది.

"ఇది నా ఒక్కదానికే సరిపోతుందన్నా. వీళ్లలో ఎవర్ని వదిలేసి రమ్మంటావు?" అని అడిగింది.

గుబురయ్య టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "కొన్నాళ్లు ఆగు తల్లీ. ఏదో ఒకటి చేస్తాను," అన్నాడు. ఏం చేస్తాడో అతనికే తెలియదు. కుందేలు పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయాయి. ఆ చూపు గుబురయ్యకు అన్నం సహించనివ్వలేదు.

తర్వాత బరువు తగ్గించాలని చూశాడు. మూటలు వద్దన్నాడు. ఎక్కేముందు ఎవరూ ఏమీ తినొద్దన్నాడు. ఈరమ్మవ్వ అనే ముసలి ముళ్లపంది వస్తే ఎగాదిగా చూశాడు.

"అవ్వా, ఆ ముళ్లు కొన్ని ఇక్కడే పెట్టి రాకూడదూ?" అన్నాడు.

"ముందు నువ్వు ఆ జుట్టు గొరిగించుకురా నాయనా. నేనూ ముళ్లు పీక్కుంటాను," అంది అవ్వ.

బుట్టలో అందరూ కిసుక్కున నవ్వారు. గుబురయ్య ఇంక ముళ్ల మాట ఎత్తలేదు.

ఇక్కడ మీకు పొగ సంగతి చెప్పాలి. నల్లజిడ్డు మండితే నల్లటి పొగ వస్తుంది. ఏళ్ల తరబడి ఆ పొగంతా లోయలోనే నిలిచిపోయింది. మనం ముసుగుతన్ని పడుకుంటే లోపల ఉక్కపోస్తుంది కదా, ఆ కొండలకూ అలాగే అయింది. పగటి వేడి రాత్రికి కూడా పోయేది కాదు. దాంతో ఊటలు ఏటికేడు ముందుగా ఎండిపోసాగాయి. ఊటలు ముందే ఎండితే ఎక్కువమంది తొందరగా కదలాలి. ఎక్కువమంది కదిలితే ఇంకా ఎక్కువ జిడ్డు మండాలి. జిడ్డు మండితే మళ్లీ పొగ. చూశారా ఎలా చిక్కుకున్నారో? గుబురయ్యకు ఇదేమీ పట్టలేదు. అతని కంటికి ఆనింది ఒక్కటే. పూల మీద మసి పడి తేనెటీగలు వెళ్లిపోతున్నాయి, తేనె దొరకడం లేదు. దానికి మాత్రం రోజూ సణిగేవాడు.

మూడోసారి ఏం చేశాడంటే, కుంపట్లో జిడ్డే తక్కువ పోశాడు. "గాలి బాగుంది, సరిపోతుందిలే," అనుకున్నాడు. సరిపోలేదు. లోయ సగం దాటేసరికి మంట సన్నబడింది. సంచి ముడతలు పడింది. బుట్ట మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. కింద బండలు దగ్గరవుతున్నాయి. ముంగిసలు కళ్లు మూసుకున్నాయి. గుబురయ్య జిడ్డు కుండ బోర్లించి చూశాడు, ఖాళీ.

ఈరమ్మవ్వ తన ఒళ్లో దాచుకున్న సొరకాయ బుర్ర బయటికి తీసింది. మూటలు వద్దన్నా తెచ్చుకుంది ఆవిడ. పెద్దవాళ్లు అంతే.

"కానుగ నూనె. మోకాళ్లకు రాసుకుంటాను. మా బొరియలో దీపానికీ ఇదే. దీపంలో మండేది కుంపట్లో మండదా? పొయ్యి నాయనా," అంది.

గుబురయ్య గబగబా పోశాడు. కాసేపు చిటపటమంది. తర్వాత మంట పసుపుగా, నిండుగా లేచింది. సంచి బిగిసింది. బుట్ట ఊగుతూ ఊగుతూ పైకి వచ్చి పడమటి కొండ అంచున పడింది. అందరూ ఒకరి మీద ఒకరు దొర్లారు. అవ్వ ముళ్లు కొందరికి గుచ్చుకున్నాయి కానీ ఎవరూ ఏమీ అనలేదు.

గుబురయ్య వెనక్కి తిరిగి చూశాడు. లోయలో సగం దాకా నల్లటి పొగ. అక్కడి నుంచి ఇటు పల్చటి తెల్లటి తెర, అంతే.

బుర్రలో మిగిలిన నూనెతో తూర్పు కొండకు తిరిగి రాగానే అతను తిన్నగా కానుగ తోపుకు వెళ్లాడు. చెట్ల కింద ఎండిన కాయలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. చేదుగా ఉంటాయని వాటిని ఎవరూ ముట్టుకోరు. కొమ్మల మీద అప్పుడే కొత్త పూత మొదలవుతోంది. గుబురయ్య కాయలు ఏరుతుంటే పట్టాభి గుంటలోంచి తల పైకెత్తాడు. సంగతి పిట్టల వల్ల అతని చెవిన అప్పటికే పడింది.

"ఆ చేదు కాయలతో ఎందుకు బావా అవస్థ? ఈ వేసవికి నీకు కావలసినంత జిడ్డు ఊరికే ఇస్తాను. ఒక్క ఇప్పపువ్వు కూడా వద్దు. నాకో చిన్న సాయం చెయ్యి చాలు. ఈ తోపు కూల్చిపెట్టు. గుంట వెడల్పు చేసుకుంటాను. అంత బలం ఈ కొండ మీద నీకొక్కడికే ఉంది," అన్నాడు.

గుబురయ్య కాయలు ఏరడం ఆపాడు. ఊరికే. అంటే మంగా, ఆమె పిల్లలూ రేపే దాటొచ్చు. అందరూ దాటొచ్చు. నాన్నకిచ్చిన మాట నిలబడుతుంది. అతను లేచి ఒక కానుగ మాను మీద రెండు చేతులూ ఆనించాడు.

పూతలోంచి చుక్కమ్మ అనే తేనెటీగ ఎగిరి అతని టోపీ మీద వాలింది.

"తొయ్యి మామా. మేమూ వెళ్లడానికి మూటలు సర్దుకుంటున్నాం. మసి పడకుండా మాకు మిగిలింది ఈ తోపు ఒక్కటే. ఇది కూడా పోతే వెళ్లిపోతాం," అంది.

"మీరు పోతే నాకు తేనె ఉండదు," అన్నాడు గుబురయ్య దిగులుగా.

"తేనె సంగతి సరే. మేం వాలితేనే ఈ పూత కాయవుతుంది. మేం లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే నూనె లేదు. వచ్చే వేసవికి కుంపట్లో ఏం పోస్తావు?"

గుబురయ్య చేతులు తియ్యలేదు. పట్టాభి వైపు తిరిగి అడిగాడు.

"పట్టాభీ, ఈ ఏడు ఊరికే ఇస్తానన్నావు. వచ్చే ఏడు ఎంతకిస్తావు?"

పట్టాభి నాలుక బయటికి చాచి లోపలికి లాక్కున్నాడు. "వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం బావా," అన్నాడు.

గుబురయ్య మాను మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. కాసేపాగి రెండోది కూడా తీశాడు.

"వద్దు పట్టాభీ. నాకు ఇంతకుముందు తీసుకునేదాంట్లో సగం చాలు. కొనుక్కుంటాను. తోపు జోలికి మాత్రం రాను, నిన్నూ రానివ్వను."

పట్టాభి గుర్రుమన్నాడు. కానీ అమ్మక ఏం చేస్తాడు? అమ్మేవాడు ఒక్కడే అయినట్టు, కొనేవాడూ ఒక్కడే. ఆ సంగతి అతనికి ఆ రోజే తట్టింది.

"నువ్వు మా తేనెపట్టుల మీద చెయ్యి వెయ్యకపోతే మేం కూడా ఉండిపోతాం," అంది చుక్కమ్మ. గుబురయ్య పెద్ద నిట్టూర్పు విడిచి ఒప్పుకున్నాడు. అన్నిటికంటే అదే కష్టమైంది అతనికి.

ఆ సాయంత్రం కొండంతా చాటింపు వేయించాడు. "ఇక నుంచి కిరాయి ఇప్పపువ్వు కాదు. ఎవరి కానుగ కాయలు వాళ్లు ఏరుకు రావాలి. ఉన్నవాళ్లు కొంచెం పువ్వు కూడా ఇవ్వండి, జిడ్డుకు కావాలి. లేనివాళ్లకు కాయలే చాలు."

కాయలకేం కరువు? కుందేళ్లు ఏరాయి, ఉడతలు ఒలిచాయి, అడవిపందులు రాళ్లతో గానుగ ఆడాయి. బుర్రల నిండా నూనె దిగింది.

అంతటితో అయిపోయిందనుకున్నారా? కాలేదు. మొదటి రోజు జిడ్డు మిగులుతుందని ఉత్త కానుగ నూనే పోశారు. పొద్దుటి చలికి అది చిక్కబడి సరిగ్గా మండలేదు. బుట్ట మేకపిల్ల ఎత్తు లేచి దభీమని కూర్చుంది. టోపీ ఊడి పడింది. పట్టాభి గుంటలోంచి పగలబడి నవ్వాడు. గుబురయ్య టోపీ దులుపుకుని, సగం జిడ్డు, సగం నూనె కలిపి చూశాడు. బుట్ట లేచింది. చెట్ల మీదుగా, బండల మీదుగా, హాయిగా లేచింది.

ఎండలు ముదిరేలోపు అందరూ దాటారు. మంగ పిల్లలు తలా ఒక దోసెడు కాయలు తెచ్చి, గర్వంగా గుబురయ్య చేతిలో పోసి ఎక్కాయి. చివరి ప్రయాణానికి ముందు గుబురయ్య తూర్పు కొండంతా తిరిగి చూశాడు. గుంట దగ్గర పట్టాభి తప్ప ఎవరూ లేరు. "రావయ్యా," అన్నాడు. పట్టాభి ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఏళ్లలో కొండ వాలంతా కానుగ మొక్కలు నాటారు. ఏటా నూనె పాలు పెరిగింది, జిడ్డు పాలు తగ్గింది. పట్టాభి ధర కూడా తనంతట తనే కిందికి దిగింది. లోయలో పొగ పల్చబడింది. ఊటలు ఇదివరకటి కంటే ఎక్కువ రోజులు నిలవసాగాయి. తేనెటీగలు పాత కొమ్మలకు తిరిగొచ్చాయి. ఏటా చివరి ప్రయాణానికి ముందు చుక్కమ్మ వాళ్లే పిలిచి గుబురయ్యకు ఒక పట్టు ఇచ్చేవారు. అడగకుండా వచ్చిన ఆ తేనె అంత తియ్యగా ఇంకేదీ ఉండదనేవాడు అతను.

ఒక వేసవిలో, చివరి ప్రయాణం రోజున, గాలిబుట్ట దగ్గరికి మెల్లగా పాక్కుంటూ ఎవరో వచ్చారు. పట్టాభి. మెడలో చిన్న మూట. మూటలో కానుగ కాయలు.

"బండలు ఎక్కేవాడివి, నీకెందుకయ్యా గాలిబుట్ట?" అన్నాడు గుబురయ్య.

"కాళ్లలో పట్టు తగ్గింది బావా. గుంటలో జిడ్డు కూడా అడుగంటింది. ఇవి సరిపోతాయో లేదో," అన్నాడు పట్టాభి.

మూట విప్పితే కాయలు దోసెడుకు తక్కువే ఉన్నాయి. ఈరమ్మవ్వ తన కాయల్లోంచి గుప్పెడు తీసి అందులో వేసింది. "ఇప్పుడు సరిపోయింది. ఎక్కు," అంది.

గాలిబుట్ట లేచింది. పట్టాభి బుట్ట అంచును గట్టిగా పట్టుకున్నాడు. లోయ దాటుతుంటే దూరాన మడుగు ఎండలో మెరిసింది. అతను చాలాసేపు అలాగే చూశాడు.

"ఇన్నేళ్లూ మీ అందర్నీ దాటించింది నా గుంటే బావా. నేను మాత్రం ఈ నీళ్లు ఒక్కసారి కూడా చూడలేదు," అన్నాడు. అలా అంటూనే అంచు మీద పట్టు వదిలేసి, అందరితో పాటు బుట్టలో సర్దుకుని కూర్చున్నాడు.

మేడ మీంచి ఈసారి విమానం కనబడినప్పుడు మీరు కూడా అడగండి, అది ఏం తాగి ఎగురుతోందని. గింజల నూనెతోనూ, మన వంటింట్లో వాడేసిన నూనెతోనూ దాన్ని ఎగిరించేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఇంకా చాలామంది కావాలి. మీలో ఎవరికైనా టోపీ సరిపోతుందేమో చూద్దాం.

నీతి: ఎగిరేవాళ్లు ఒక్క గుంటనే నమ్ముకుంటే జేబూ ఖాళీ అవుతుంది, గాలీ పాడవుతుంది. వేరే దారి వెతకాల్సింది గుంట ఎండిపోయాక కాదు, చెట్టు ఇంకా పూస్తుండగానే.