బావి తాళంచెవి

ఆ ఏడు ఎండలకు ఊళ్లో చుక్క నీరు లేదు. దొర మాత్రం నిండా నీళ్లున్న తన బావి ప్రహరీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. జ్వరపడ్డ కూతురి కోసం గోడ దూకి ముంతెడు నీళ్లు తోడిన బుట్టలల్లే నూకాలు పట్టుబడింది.

“నీ బాగు నువ్వు చూసుకున్నావు. దీన్ని స్వార్థమంటారు. పది కొరడా దెబ్బలు,” అన్నాడు పండితుడినని మురిసే దొర.

ఇంట్లో పిల్ల నాలుక పిడచగట్టుకుపోతోంది.

“లోభమన్నా అదేనా బాబూ?” అని అడిగింది నూకాలు.

“కాదే పిచ్చిదానా. లోభి తనకు అక్కర్లేనిది కూడా ఇంకొకరికి దక్కనివ్వడు. వాడికి యాభై కొట్టినా తక్కువే.”

“అయితే నా పదీ కొట్టించండి. లోభికి చెప్పిన ఆ యాభై కూడా ఈ పూటే కానిచ్చేయండి,” అని వీపు తిప్పింది.

కొరడా ఎత్తిన తలారి చూపు దొర మొలతాడుకు వేలాడే తాళంచెవి మీద ఆగిపోయింది. దొర దాన్ని విప్పి వాడి చేతిలో పెట్టాడు.