ఆయుష్షు పుట్టిన చోటు

మంత్రసాని పోలమ్మకి రాజుగారు సభలో పీట వేయించిన నాటి నుంచీ ఆస్థాన పండితుడు శేషావధాని కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. పురుళ్లు పోసేదానికి తన పక్కన పీటా!

"ప్రభూ, 'ఆయుష్షు' అన్న మాట ఎక్కడ పుట్టిందో, దాని అర్థమేమిటో ఈవిడ చెప్పాలి. చెప్పలేకపోతే తల తీయించండి!" అన్నాడు.

"మీ పొడుంకాయ ఓసారి ఇప్పించండి సామీ," అంది పోలమ్మ.

లోకువగా విసిరాడు. ఆవిడ చిటికెడు పొడుం పీల్చి, సభ అదిరేలా తుమ్మింది.

"నూరేళ్లాయుష్షు!" అనేశాడు అవధాని, చిన్ననాటి అలవాటు కొద్దీ.

"అదిగో దొరా, అక్కడ పుట్టింది. ఎదుటి ప్రాణం ఎక్కడ పోతుందోనని గుండె జడిసినప్పుడు. 'నువ్వుండాలి' అనడమే దాని అర్థం. కడుపుమంట అడ్డుపడేలోపే నోరు దాటేస్తుంది."

రాజుగారు నవ్వారు. "పండితులవారి మాటే ఖాయం. నూరేళ్లూ ఆ పీట పోలమ్మదే."